కంపాసు ముల్లు దిగిన చోటు

రాఘవేంద్ర సార్ షీటు మీద ఏమీ రాయలేదు. వేలి కొనతో దాన్ని బల్ల మీద వెనక్కి జరిపి, "మళ్ళీ గీసుకు రామ్మా" అన్నాడు, అంతే.

చైత్రకు వెంటనే అర్థం కాలేదు. లైన్లో ఆమె ముందు నిలబడ్డవాళ్ళందరి షీట్లూ రెప్పపాటులో సంతకమైపోయాయి. సార్ వాటిని సరిగ్గా చూసినట్టు కూడా లేదు. ఎడమ చేత్తో తిప్పుతూ, కుడి చేత్తో పచ్చసిరా గీకుతూ పోయాడు. ఈమె షీటు దగ్గర మాత్రం ఆ చెయ్యి ఆగింది.

"ఏం తప్పుండాది సార్?"

"చూడు. బంతి పెట్టెలోకి దిగబడినట్టు లేదూ?"

బొమ్మ చిన్నదే. ఒక పెట్టె, దాని నెత్తిన నడిమధ్యలో ఒక బంతి. ఎదురుగా కాకుండా, కాస్త పైనుంచి, పెట్టె మూల మనవైపు ఉండేట్టు నిలబడి చూస్తే ఎట్లా కనిపిస్తుందో అట్లా గీయాలి. ఐసోమెట్రిక్ అంటారు. ఏటవాలుగా చూసినప్పుడు పెట్టె అంచులు ఉన్నదానికన్నా కురచగా కనిపిస్తాయి. అందుకని ముందుగా ఒక చిన్న స్కేలు కట్టుకుని, కొలతలన్నీ ఆ స్కేలు ప్రకారం కుదించుకోవాలి. చైత్ర పెట్టెను కుదించింది. బంతి గుండ్రాన్ని మాత్రం కుదించలేదు.

"పుస్తకంలో బంతికి మాత్రం అసలు కొలతే తీసుకోమని ఉండాది సార్."

"ఏ పుస్తకం?"

"లైబ్రరీలోది సార్. అట్ట లేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. కోప్పడనూ లేదు. పొద్దున్న ఇంకో కాలేజీలో రెండు క్లాసులు చెప్పి, స్కూటరు మీద హోసూరు రోడ్డు దుమ్మంతా తిని వచ్చిన మనిషి ఆయన. బల్ల సొరుగులోంచి ఒక పాత షీటు తీసి చూపించాడు. పోయిన సంవత్సరం పిల్లలెవరో గీసింది. కింద ఆయనదే సంతకం. బంతి పెట్టె మీద ముని కాళ్ళ మీద నిలబడ్డట్టు ముద్దుగా ఉంది.

"ఇట్లా ఉండాలి. శనివారం సాయంత్రంలోగా సంతకం కాకపోతే ఈ సబ్జెక్టులో నిన్ను పరీక్షకు కూర్చోనివ్వరు. గుర్తుందా?"

"ఉండాది సార్."

షీటు చుట్టుకుని గొట్టంలో దూరుస్తూ చైత్ర పక్కకొచ్చింది. గోడ వారగా సుమ తన సంతకమైన షీటుతో విసురుకుంటూ నిలబడి ఉంది. సుమది బాగేపల్లి పక్క. కాలేజీ దగ్గరే పీజీ హాస్టల్లో ఉంటుంది. మొదటిరోజు అటెండెన్సు తీసేటప్పుడు ఇద్దరూ ఒకరి తెలుగు ఒకరు విని దగ్గరైనవాళ్ళు.

"ఏంటికే నీకీ బేజారు?" అంది సుమ. "ఒక్క పూట మా రూముకొస్తే అయిపోయేది గదా. గాజు ఉండాది, లైటు ఉండాది."

గాజు సంగతి క్లాసులో తెలియనిది ఒక్క సార్‌కే. రెండు కుర్చీల మధ్య కిటికీ అద్దం ఒకటి అడ్డంగా పెడతారు. కింద ఫోను లైటు. అద్దం మీద సంతకమైన పాత షీటు, దాని మీద తెల్ల షీటు. కింది గీతలు పైకి కనిపిస్తాయి, పెన్సిలు తిప్పుకుంటూ పోవడమే. క్లాసు లీడరు చేతన్ సీనియర్ల దగ్గర సంపాదించిన షీటును ఉత్సవ విగ్రహంలాగా రూము రూముకీ ఊరేగించాడు. ఇందాక సార్ ముందు పరుచుకున్నవన్నీ ఆ ఒక్క షీటు పిల్లలే.

చైత్ర అద్దం జోలికి పోకపోవడం నీతి కోసం కాదు. ఆమె ఇల్లు కాటన్‌పేటలో. కాలేజీ అత్తిబెలె దాపులో. అందరూ గాజు చుట్టూ చేరే వేళకు ఆమె మెట్రోలో గొట్టం కాళ్ళ మధ్య ఇరికించుకుని, కూర్చునే చోటు కోసం చూస్తూ ఉంటుంది. గీసుకోక తప్పక గీసుకోవడం నేర్చుకుంది.

*

చిక్కపేట స్టేషన్‌లో దిగి పైకి వచ్చేసరికి తోపుడుబండ్లు సందు నిండా అడ్డం. చీరల మూటల కూలీ ఒకాయన "సైడు, సైడు అమ్మా" అంటూ భుజంతో గొట్టాన్ని తోసుకుంటూ పోయాడు. బ్యాగులో గీతలు గీసే డ్రాఫ్టరు బరువు ఒక భుజాన్ని లాగుతుంటే, రెండో భుజం మీద గొట్టం జారుతోంది. మూడు రోజులుగా మెడ ఒక పక్కకే తిరుగుతోంది.

నాయన నాగరాజు దుకాణం కాటన్‌పేట వెనక సందులో. వత్తులు, కర్పూరం, సాంబ్రాణి, కుంకుమ. టోకు బేరం. దుకాణం వెనక రెండు గదులు ఇల్లు. చైత్ర లోపలికి వచ్చేసరికి అమ్మ రత్నమ్మ నేల మీద చాట పెట్టుకుని నిమ్మకాయలు ఏరుతోంది. రేపు శుక్రవారం. రాహుకాలంలో అమ్మవారి గుడిలో నిమ్మడిప్పల్లో దీపాలు పెట్టడం ఆమెకు ఏళ్ళ వాడుక. మచ్చ లేనివి, గుండ్రంగా ఉన్నవి, రసం నిండినవి ఒక పక్కకు తీస్తోంది.

"అన్నం తిని కూర్చో" అంది తలెత్తకుండానే.

"గీసి తింటా."

బియ్యం డబ్బా మీద బోర్డు ఆనించి, కొత్త షీటు నాలుగు మూలలా టేపు అంటించింది. డ్రాఫ్టరు బిగించింది. పెన్సిలు ములుకును గరుకు కాగితం మీద నాలుగు రుద్దులు రుద్ది, వేలితో పొడి దులిపింది. ముప్పై డిగ్రీలకు ఒక గీత ఇటు. ముప్పైకి ఒక గీత అటు. మధ్యన నిలువు. పెట్టె లేచింది. పెట్టె ఎప్పుడూ లేస్తుంది. పైతలం మధ్యన చుక్క పెట్టి, అక్కడినుంచి కుదించిన కొలతతో పైకి పోయి, బంతి నడిబిందువు గుర్తు పెట్టుకుంది. కంపాసు ముల్లు గుచ్చింది. ఇక కాలు ఎంత తెరవాలి?

అక్కడ ఆగిపోయింది. సార్ చెప్పినట్టా, అట్టలేని పుస్తకం చెప్పినట్టా? పుస్తకం ఒక్క ముక్క రాసి వదిలేసింది, ఎందుకో చెప్పలేదు. సార్ కూడా ఎందుకో చెప్పలేదు.

చెయ్యి చాచి చాటలోంచి ఒక నిమ్మకాయ తీసింది. గుండ్రంగా ఉన్నదే తీసింది. దుకాణంలోంచి చదరంగా ఉన్న కర్పూరం డబ్బా ఒకటి తెచ్చి నేల మీద పెట్టి, దాని మీద నిమ్మకాయ నిలబెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి చూసింది. ఎదురుగా చూస్తే డబ్బా చదరం. కాస్త పైకి లేచి, మూల తనవైపు తిప్పుకుని చూస్తే డబ్బా పైతలం నలిగి గాలిపటంలా అయింది. అంచులు కురచబడ్డాయి. డబ్బాను ఇంకా తిప్పింది. మళ్ళీ ఇంకోలా నలిగింది. నిమ్మకాయ మాత్రం నలగలేదు, కురచబడలేదు. ఎటు తిప్పినా, ఎంత ఎత్తునుంచి చూసినా అదే నిమ్మకాయ.

ఇంకొకటి కూడా కనిపించింది. పైనుంచి చూస్తున్నప్పుడు, నిమ్మకాయ డబ్బాకు ఆనే చోటు అసలు కనబడదు. దాని పొట్ట ముందుకొచ్చి ఆ చోటును కప్పేస్తుంది. కాయ డబ్బాలోకి కాస్త దిగబడినట్టే ఉంటుంది.

దిగబడినట్టు కనిపించడమే సరి.

"ఏమే, అమ్మవారికి తెచ్చినవాటితో ఆటలా?" అంది రత్నమ్మ.

"ఆట కాదమ్మా. పాఠం."

"పాఠమో గీఠమో, నేల మీద పెట్టి, కంటికాడ పెట్టి చూసినాక అది దీపానికి పనికిరాదు. నువ్వే పెట్టుకో పో" అని చాట అవతలికి లాక్కుంది. కోపంగా అనలేదు. ఇంకో కాయ ఏరి లెక్క సరిచేసుకుంది.

చైత్ర కంపాసు కాలు అసలు కొలతకే తెరిచింది. గుండ్రం నిండుగా వచ్చింది. దుకాణం మూసి లోపలికొచ్చిన నాగరాజు కాళ్ళు కడుక్కుంటూ సంగతంతా విన్నాడు.

"సార్ తప్పంటే తప్పని ఒప్పుకుంటే పోయె గదా అమ్మీ. నీకు కావల్సింది సంతకం."

"తప్పు కాదప్పా ఇది."

"కాకపోనీలే. నేను దినమ్మూ ఎంతమందికి అవునండీ అంటా ఉండానో నీకేమెరుక" అన్నాడాయన, తువ్వాలుతో పాదాలు తుడుచుకుంటూ.

*

శుక్రవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో రాఘవేంద్ర సార్ ఒక్కడే ఉన్నాడు. టిఫిన్ డబ్బా మూత మీద ఊరగాయ పెట్టుకుని పెరుగన్నం తింటున్నాడు. చైత్ర గుమ్మంలో ఆగింది.

"రా. చిన్నది గీసినావా?"

"లేదు సార్. ఒక్కటి చూపించాలి."

సుద్దముక్కల డబ్బా ఒకటి కిటికీ గట్టు మీద ఉంది. చదరపు అట్టపెట్టె. బ్యాగులోంచి రాత్రి నిమ్మకాయ తీసి దాని మీద పెట్టింది. "ఈడినుంచి చూడండి సార్. కొంచెం లేచి, ఈ మూలనుంచి."

సార్ లేవలేదు. చేతిలో ముద్ద అలాగే ఉంది. కూర్చున్న చోటునుంచే ఒకసారి అటు చూసి, మళ్ళీ డబ్బాలోకి చూసుకున్నాడు.

"కంటికి కనిపించేది వేరమ్మా. డ్రాయింగు వేరు."

"కంటికి కనిపించినట్టు గీయడమే గదా సార్ ఇది."

ఆయన నోట్లో ముద్ద మింగి, నీళ్ళు తాగి, నెమ్మదిగా అడిగాడు. "సరే. క్లాసులో అందరిదీ ఒకటుంది. నీ ఒక్కదానిది ఒకటుంది. అందరూ తప్పు గీసి, నువ్వొక్కదానివే ఒప్పు గీసినావా?"

చైత్ర నోటి దాకా మాట వచ్చింది. అందరిదీ కాదు సార్, ఒక్కరిదే. ఒక్క షీటే అద్దం మీద పడుకుని అన్ని షీట్లయింది. ఆ మాట అంటే సార్ నమ్ముతాడు. తన గుండ్రం నిలుస్తుంది. సుమ, చేతన్, అందరూ సంతకాలు పోగొట్టుకుని డిపార్ట్‌మెంటు పెద్ద హెచ్చోడీ ముందు నిలబడతారు. ఊపిరి పీల్చుకుంది. ఆ మాటను మింగేసింది.

"నాకు తెలీదు సార్."

"చూడమ్మా" అన్నాడాయన. గొంతులో విసుగు కన్నా అలసటే ఎక్కువ. "రేపు పేర్లు పంపమని పైనుంచి నిన్నటినుంచీ ఫోన్లు. చిన్న గుండ్రం గీసుకురా, సంతకం పెడతా. దీని మీద ఇంక మాట్లాడద్దు. నాకూ ఓపిక లేదు, నీకూ లేదు."

అది నిజమే. ఆమెకూ లేదు. షీటు చుట్టుకుని మెట్లు దిగి, గేటు దాటి, బస్సెక్కాక గుర్తొచ్చింది. నిమ్మకాయ సుద్దడబ్బా మీదే ఉండిపోయింది.

ఇంట్లో రత్నమ్మ గుడినుంచి తెచ్చిన కుంకుమ నుదుట పెట్టింది. చైత్ర గోడకానుకుని కళ్ళు మూసుకుంది.

"అమ్మా, ఒప్పని తెలిసి తెలిసీ చెరిపేస్తే పాపమా?"

"ఏం చెరుపుతావే?"

"ఒక గుండ్రం."

రత్నమ్మ పత్తి చిక్కు తీస్తూ ఆలోచించింది. ఆమె చదువు ఐదుతో ఆగిపోయింది కానీ పాపపుణ్యాల సంగతి అడిగితే తేలిగ్గా తీసెయ్యదు. "నువ్వు ఒప్పే గీసినావని దేవునికి తెలుసు గదా. చెరిపితే ఆయనకేమీ కోపం రాదులే."

"దేవునికి తెలిస్తే చాలా? సార్‌కి తెలియొద్దా?"

రత్నమ్మ వత్తి చేతుల మధ్య నలిపింది. "సార్ కూడా ఎవరో ఒకరు చెప్పింది వినాల్సినవాడే అయ్యుంటాడు" అంది. అది జవాబని ఆమె కూడా అనుకోలేదు.

*

శనివారం తెల్లవారి స్నానం చేసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టి, చైత్ర బోర్డు ముందు కూర్చుంది. రబ్బరు తీసుకుంది. గట్టి పెన్సిలుతో గీసిన గుండ్రం అంత సులువుగా పోదు. కొంచెం కొంచెం, కాగితం పీచు లేవకుండా, ఒకే దిక్కుగా రుద్దింది. నల్లటి పొడి రాలింది. చేతిరుమాలుతో దులిపింది. అదే రంధ్రంలో ముల్లు పెట్టి, కాలు దగ్గరికి మూసి, చిన్న గుండ్రం గీసింది. బంతి పెట్టె మీద ముద్దుగా నిలబడింది. నిమ్మకాయ అలా నిలబడదు. దాని చుట్టూ, చెరిగిన గీత తాలూకు గాడి కాగితంలో అలాగే ఉంది, చంద్రుడి చుట్టూ వరదగుడి కట్టినట్టు. చేత్తో తడిమితే తెలుస్తుంది. ఎవరు తడిమి చూస్తారు గనక?

డ్రాయింగు హాల్లో మిగిలిన నలుగురైదుగురు వరుసలో నిలబడ్డారు. సంతకాలైనవాళ్ళు కిటికీల దగ్గర కూర్చుని సినిమాకు పోయే సంగతి మాట్లాడుకుంటున్నారు. చైత్ర వంతు వచ్చింది. షీటు పరిచింది.

సార్ పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టే చోటుకు చెయ్యి పోయింది. ఆగింది. షీటు ఎత్తి కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టాడు. చాలాసేపు చూశాడు. బొటనవేలు గుండ్రం చుట్టూ మెల్లగా తిప్పాడు.

అప్పుడు చూసింది చైత్ర. సుద్దడబ్బా స్టాఫ్ రూము కిటికీ మీద లేదు. ఇక్కడ, సార్ బల్ల మీద, హాజరు పట్టీ పక్కన ఉంది. దాని మీద నిమ్మకాయ కొంచెం వాడి ఉంది. డబ్బా మూల సరిగ్గా సార్ కుర్చీవైపు తిరిగి ఉంది.

"ఎందుకు చెరిపినావు?" అన్నాడాయన.

"మీరు చెప్పినారు గదా సార్."

సార్ ముఖం ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. కొట్టాలని చైత్ర అనలేదు. ఉన్నది చెప్పింది. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

"నిన్న సాయంత్రం తలుపు వేస్తూ చూసినాను" అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. "నిలబడి చూస్తే కనిపించింది. అన్నం తింటున్నప్పుడే లేచి ఉండాల్సింది." ఆపై, "కంపాసుందా?"

ఇచ్చింది. ఆయన రబ్బరుతో చిన్న గుండ్రం చెరిపాడు. ముల్లును ఆమె గుచ్చిన రంధ్రంలోనే పెట్టి, గాడి మీదికి పెన్సిలు కాలు తెరిచి, చుట్టూ తిప్పాడు. పెన్సిలు కొంచెం జారి ఒకచోట గీత రెండైంది. సరిచెయ్యలేదు. కింద సంతకం పెట్టి, లేచి నిలబడ్డాడు.

"సంతకాలైనవాళ్ళందరూ షీట్లు వెనక్కి తీసుకోండి. బంతి తప్పు. పోయిన సంవత్సరం షీటు మీద కూడా తప్పుకే సంతకం పెట్టినాను. నాలుగింటికి మళ్ళీ చూస్తా."

హాలంతా గోల. "సార్, ప్లీజ్ సార్!" "సుమ్నే, ఊరికే ఎందుకు సార్?" "సినిమా టికెట్లు తీసేసినాం సార్!" ఆయన హాజరు పట్టీ చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. నిమ్మకాయను బల్ల మీదే వదిలేశాడు.

చేతన్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఏమ్మా చైత్రా, నీ బంతి తెచ్చి మా అందరి నెత్తిన వేస్తివి గదమ్మా!"

కొంతమంది నవ్వారు. ఎక్కువమంది నవ్వలేదు. సుమ దగ్గరికొచ్చింది.

"గాజు సంగతి చెప్పినావా?"

"లేదు."

"నిజంగా?"

"గుండ్రం సంగతొక్కటే చెప్పినా. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు. నాకు ఒట్లు పెట్టుకునే ఓపిక లేదు."

సుమ మూతి బిగించుకుని పోయి తన చోట కూర్చుంది.

అరగంట గడవకముందే చేతన్ ఎక్కణ్ణుంచో ఒక అద్దం పట్టుకొచ్చాడు. నోటీసుబోర్డుదో, కిటికీదో. రెండు స్టూళ్ళ మధ్య పెట్టి, కింద ఫోను లైటు వెలిగించాడు. "నీ షీటియ్యి తల్లీ. పుణ్యముంటాది" అన్నాడు. చైత్ర ఇచ్చేసింది. కాదనడానికి కూడా ఎదురు నిలబడాలి. అది ఇవాళ్టికి చాలు.

ఆమె షీటు అద్దం మీద పడుకుంది. దాని మీద ఒక తెల్ల షీటు, అది తీసి ఇంకొకటి. ఒకమ్మాయి చేతిగాజు పెట్టి గుండ్రం తిప్పింది. ఒకబ్బాయి టిఫిన్ మూత వెతుక్కున్నాడు. సార్ పెన్సిలు జారి రెండైన గీత కూడా ఒకరిద్దరి షీట్లలోకి నమ్మకంగా దిగింది. అన్ని బంతులూ ఇప్పుడు సరైన కొలతకే వచ్చాయి. ఒక్కదాని నడుమా కంపాసు గుచ్చిన రంధ్రం లేదు. ఇదేనా సార్ తెలుసుకున్నది, ఇదేనా తాను రెండు రోజులు పట్టుబట్టింది అని చైత్రకు నవ్వొచ్చింది. నవ్వడానికీ మెడ నొప్పెట్టింది. కంపాసు బ్యాగులో సర్దుకుంటూ, షీటు తిరిగొచ్చేదాకా కూర్చుంది.

పక్కన స్టూలు కిర్రుమంది. సుమ. చేతిలో తన షీటు. పెట్టె అలాగే ఉంది, బంతి ఒక్కటే చెరిపి ఉంది. అద్దం దగ్గర ఆమె వంతు వచ్చినట్టుంది, చేతన్ పిలుస్తున్నాడు. సుమ అటు తిరగలేదు. సార్ బల్ల మీదికి వంగి నిమ్మకాయను చూసింది. ఒక కన్ను మూసింది. తల కొంచెం పైకెత్తింది, కొంచెం కిందికి దించింది.

"ముల్లు యాడ పెట్టేది?" అంది చివరికి.

చైత్ర చూపించింది. పైతలం మధ్యన చుక్క. అక్కడినుంచి ఇంత పైకి. ఇది కుదించిన కొలత. కాలు తెరిచేటప్పుడు మాత్రం అసలు కొలత. సుమ కంపాసు పట్టుకుంది. ఇన్నాళ్ళూ పెట్టెలోంచి బయటికి తీయని కంపాసు. దాని మర ఇంకా బిగుసుగా ఉంది. కాగితం చిరుగుతుందేమోనని ముల్లును పైపైనే ఆనించింది.

చైత్రకు ఆవలింత వచ్చింది.

"గట్టిగా గుచ్చవే" అంది. "గీత చెరిపినా, రంధ్రం ఉంటాది."